చదరంగము - గ్రామ యువజనులకు ఒక చదువు

పొలము పనులు ముగిసి, బడి విడిచి, దీపములు వెలుగు వేళకు మన పల్లెలలోని యువజనులు ఏమి చేయుచున్నారు? ప్రతి గ్రామ పెద్దయు ఈ ప్రశ్నను తనకు తాను వేసికొనవలసియున్నది. కొందరు చదువుకొనుచుందురు. కొందరు ఆటస్థలమున నుందురు. మిగిలినవారిలో పలువురు రచ్చబండ చాటున పేకముక్కలకును, చేతిలోని ఫోనునందలి పందెపు ఆటలకును లోబడుచున్నారు. కష్టార్జితము క్షణములో పోవుచున్నది, కుటుంబములు అప్పులపాలగుచున్నవి. వలదని మందలించినంత మాత్రమున ఈ వ్యసనము తొలగదు. చెడ్డదానిని విడువుమనువారు దాని స్థానమున మంచిదానిని చూపవలెను. అట్టి మంచి వినోదములలో చదరంగము ఒకటి.

మన నేలపై పుట్టిన ఆట

చదరంగము మనకు పరాయిది కాదు. రథ, గజ, తురగ, పదాతులను నాలుగంగములు గల సేనకు చతురంగబలమని పేరు. ఆ పేరుతోడనే సుమారు 6వ శతాబ్ది నాటికి ఉత్తర భారతమున ఈ ఆట వెలసినది. ఇచటి నుండి పారశీక దేశమునకును, అటుపై అరబ్బుల ద్వారా ఐరోపాకును వ్యాపించినది. 15వ శతాబ్ది చివర ఐరోపాలో మంత్రికిని, శకటునకును నేడున్న విశేష బలము చేకూరినది. 1924లో పారిస్ నగరమున అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఏర్పడినది.

బల్లపై 64 గళ్ళుండును. ఒక్కొక్క పక్షమునకు ఒక రాజు, ఒక మంత్రి, రెండు ఏనుగులు, రెండు శకటులు, రెండు గుఱ్ఱములు, ఎనిమిది బంట్లు. ఏనుగు తిన్నగాను, శకటు మూలగాను, మంత్రి ఈ రెండు విధములను నడచును. గుఱ్ఱము రెండు గళ్ళు తిన్నగా పోయి ఒక గడి ప్రక్కకు తిరుగును. అడ్డమున్న పావులను దాటి దుముకగలదు. రాజు ఏ వైపునకైనను ఒక్క గడియే కదలును. మన పెద్దలాడిన పద్ధతిలో బంటు ఎల్లప్పుడును ఒక్క గడియే నడచును. అంతర్జాతీయ నియమముల ప్రకారము తొలి ఎత్తున రెండు గళ్ళు నడువవచ్చును. పిల్లలు పోటీలకు పోవలెనన్నచో ఈ భేదమును మొదటనే తెలిసికొనవలెను. అన్నిటికంటె చిన్నదైన బంటు వెనుదిరుగక అడుగడుగునను ముందుకు సాగి, చివరి వరుస చేరినచో మంత్రి కాగలదు. పల్లెటూరి బాలునకు ఇంతకంటె చక్కని పాఠమేమి కావలెను?

ఈ ఆట నేర్పునదేమి?

మొదటిది ఆలోచించి చేయుట. "నేనీ ఎత్తు వేసినచో ఎదుటివాడేమి చేయును?" అని ప్రతిసారియు ప్రశ్నించుకొననిదే ఆట సాగదు. రెండవది బాధ్యత. ఇందు పాచికలు లేవు, ముక్కల పంపకము లేదు. ఓడినవాడు అదృష్టమును నిందింపజాలడు. తన తప్పు ఎచటనో వెదకుకొనవలెను. మూడవది ఓటమిని ఓర్చుకొనుట. పరీక్ష తప్పినంతనే బ్రతుకే ముగిసినదని క్రుంగిపోవు పిల్లలను మనము చూచుచున్నాము. చదరంగపు బల్లయొద్ద ఓడిన బాలుడు ఎదుటివానితో చేయి కలిపి, పావులను మరల పేర్చును. ఓటమి తరువాత ఇంకొక ఆట కలదని దినదినమును అనుభవముచే తెలిసికొనుట చిన్న విద్య కాదు.

అయినను ఈ ఆటకు లేని మహిమలను అంటగట్టరాదు. చదరంగమాడినచో గణితమున మార్కులు తమంత తామే పెరుగునని కొందరు చెప్పుదురు. ఇంగ్లండులో 100 ప్రాథమిక పాఠశాలలలో దీనిని పరీక్షించి 2016లో ఫలితములను ప్రకటించిరి. ఆట నేర్చిన ఏడాది తరువాత, నేర్చినవారికిని నేర్వనివారికిని గణితమున భేదము కనబడలేదు. కావున ఇది పాఠ్యపుస్తకమునకు బదులు కాదు. పాఠము పాఠమే, ఆట ఆటయే. 2011లో ఆర్మీనియా దేశము ప్రాథమిక తరగతులలో చదరంగమును పాఠ్యాంశముగా చేర్చినది. అచటను గణితమును మానిపించి దీనిని పెట్టలేదు.

ఉపాధ్యాయుడు తలచుకొన్నచో బల్లనే లెక్కల పాఠమునకు వాడుకొనవచ్చును. మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు పోవలెనను పాత కథ కలదు. 8వ గడికి 128 గింజలే. 21వ గడికి పది లక్షలు దాటును. వేయి గింజలు 20 గ్రాములు తూగుననుకొన్నచో, 32వ గడి ఒక్కదానికే 75 కిలోల బస్తాలు సుమారు 570 కావలెను. 64 గళ్ళకును కలిపి గింజల సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. చక్రవడ్డీ అప్పు ఎట్లు పెరుగునో కూడ ఈ లెక్కతోనే పిల్లలకు బోధపరుపవచ్చును.

ఆదర్శములు

పంజాబు గ్రామీణుడైన మీర్ సుల్తాన్ ఖాన్ ఒక నవాబు కొలువులో నుండి, మన దేశపు పాత పద్ధతిలో ఆట నేర్చి, లండను చేరి 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యెను. మన కృష్ణా జిల్లా గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి 2002లో, పదునైదేండ్ల ప్రాయముననే గ్రాండ్‌మాస్టర్ బిరుదు నందినది. 2019, 2024 సంవత్సరములలో ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచినది. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడున భారత పురుషుల, మహిళల జట్లు రెండును స్వర్ణము గెలిచినవి. అందు గుంటూరు వాసులు హరికృష్ణ, హారిక, వరంగల్లు యువకుడు అర్జున్ ఉండుట మనకు గర్వకారణము.

కేరళలో త్రిసూర్ జిల్లా మరోట్టిచ్చాల్ గ్రామము ఒకప్పుడు సారాకును జూదమునకును లొంగియుండెను. అచట టీ దుకాణము నడుపు ఒక గ్రామస్థుడు చదరంగము నేర్చి, వచ్చినవారికెల్ల నేర్పసాగెను. క్రమముగా ఆట ఇంటింటికిని వ్యాపించినది. ఆట ఒక్కటియే ఊరిని మార్చినదనుట అతిశయోక్తి కావచ్చును. కాని మనుష్యులు కూర్చుండుటకు మరియొక చోటు, మాటాడుకొనుటకు మరియొక విషయము లభించినవి.

మన ఊరిలో ప్రారంభించుట ఎట్లు?

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. గ్రంథాలయముననో, పంచాయతీ కార్యాలయపు వసారాలోనో చోటు చాలును. బల్ల లేకున్నచో అరుగుపై సుద్దతో గళ్ళు గీయవచ్చును. బంకమట్టితో పావులు చేయవచ్చును. ప్రతి ఆటగాని కుడిచేతి మూల గడి తెల్లదిగా నుండునట్లు చూడవలెను. మొదటి వారము బంట్లతో మాత్రమే ఆడించుడు. పిదప రాజును, తరువాత ఒక్కొక్క పావును చేర్చుడు. ఎత్తులను నోటుపుస్తకమున వ్రాయించినచో, ఆట ముగిసిన పిదప తప్పు ఎచటనో వెదకవచ్చును. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఈ పనికి ముందుకు రావలెను.

మూడు నియమములు మరువరాదు. పందెము రూపాయియైనను కూడదు. ఆటకు దినమునకు ఒక గంట చాలును. మైదానపు ఆటలు మానరాదు. బాలికలకు బాలురతో సమానముగా స్థానముండవలెను. ఇంటిపని నెపమున వారిని ఆపరాదు.

ఒక బల్ల, ఇద్దరు పిల్లలు, దారి చూపు పెద్ద ఒకరు. ఈ సాయంకాలమే మీ ఊరిలో దీనిని ప్రారంభింపవచ్చును. మొదటి ఎత్తు పెద్దలు వేయవలెను. తరువాతి ఆట పిల్లలు ఆడుకొందురు.