నరముల దారిలో రేబిస్

కుక్క కరచినవానిని ఉర్దూలో 'సగ్ గజీదా' అందురు. అట్టివాడు నీటికి వెరచుననుట గాలిబ్ షేర్‌లో ఉపమానమైనది. సుశ్రుతుడు ఈ లక్షణమునకే 'జలత్రాసము' అని పేరిడెను. భాషాధ్యాపకులమైన మాకు ఈ మాటలు చిరపరిచితములు. కాని ఆ రోగి నీటిని ద్వేషింపడు, దాహముతో అలమటించును. గుటక వేయబోవగానే గొంతు కండరములు బిగిసిపోవును. అందులకు కారణము గొంతులో లేదు, మెదడులో ఉన్నది.

రేబిస్ వైరస్ మెదడును చేరు విధము విచిత్రమైనది. అది రక్తప్రవాహమును ఆశ్రయింపదు. పిచ్చికుక్క చొంగతో గాయములో ప్రవేశించి, కొంతకాలము అచ్చటి కండరములో నిలిచి, పిదప నరముల కొనలను పట్టుకొనును. నాడీకణము తన పొడవైన తంతువు చివరినుండి కణమధ్యమునకు సరకులు చేరవేసికొనుటకు ఒక రవాణా ఏర్పాటును కలిగియున్నది. వైరస్ ఆ బండినే ఎక్కి వెన్నుపామునకు, అచ్చటినుండి మెదడునకు ప్రయాణించును. దారిలో శరీరపు రక్షణదళములకు అది ఇంచుమించుగా కనబడదు. మెదడులో విస్తరించిన పిమ్మట మరల నరముల వెంటనే దిగి లాలాజల గ్రంథులను చేరును. 1903లో ఇటలీ వైద్యుడు అడెల్చి నెగ్రీ ఇట్టి మెదడు కణములలో సూక్ష్మదర్శినితో చూచిన చుక్కలను నేటికిని 'నెగ్రీ బాడీలు' అనియే పిలుతురు.

లక్షణములు కనబడిన పిమ్మట మరణము దాదాపు తప్పదు. అయితే అంతకు ముందటి ప్రయాణము నెమ్మదియైనది. సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. ముఖముపై గాయమైనచో దారి తక్కువ, వ్యవధియు తక్కువ. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్‌కు కాటు పడిన తరువాత టీకా వేయ సాహసించినది ఈ వ్యవధిని నమ్మియే.

మా తరగతి విద్యార్థి యొకడు కుక్క కరచిన సంగతిని మూడు దినములు ఇంట దాచెను. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు వేయుదురని అతని భయము. ఆ భయము పెద్దలనుండి వచ్చినది, నిరాధారమును కాదు. పూర్వము మన దేశమున వాడిన సెంపుల్ టీకాను గొర్రెల మెదడు కణజాలముతో తయారుచేసెడివారు. ఆ కణజాలమే కొందరిలో పక్షవాతము వంటి నాడీబాధలను కలిగించెడిది. 2005 నాటికి దాని తయారీ మన దేశమున ఆగిపోయినది. నేటి టీకాను నాలుగైదు దఫాలుగా భుజమునకే వేయుదురు.

నాలుగవనాడు అతనిని ఆసుపత్రికి తీసికొనిపోగా వైద్యులు మొట్టమొదట అడిగినది "కడిగితివా?" అని. కడుగలేదు, కారము అద్దెను! సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగినచో వైరస్ చాలవరకు నరమును చేరకమునుపే పోవును. కారము, సున్నము, పసరు గాయమును రేపునే గాని వైరస్‌ను చంపవు. టీకావలన శరీరము స్వయముగా రక్షణ కల్పించుకొనుటకు వారము పదిదినములు పట్టును గనుక, రక్తము వచ్చిన గాయమునకు ఇమ్యునోగ్లోబ్యులిన్ అను సిద్ధ ప్రతిరక్షకములను గాయము లోపలను చుట్టును ఎక్కింతురు. కుక్క పదిదినములు బ్రతుకునేమో చూచి పోవుదమని కొందరు ఆగుదురు. ముందు టీకా మొదలిడవలెను. కుక్కను ఆ పిదప గమనింపవచ్చును.