16 మిల్లీమీటర్ల లెన్స్‌తో తేంగాయితిట్టులో నాలుగు రోజులు

చిన్న హాల్లో పద్నాలుగు మందిని నిలబెట్టి ఫోటో తీయాలంటే ఏ లెన్స్ కావాలి? ఎవరినడిగినా "వైడ్ యాంగిల్" అంటారు. మా వారి బ్రాంచిలో అడిగినా అదే జవాబు. కెమెరా షాపులోనూ అదే. చివరికి ఆయన సహోద్యోగి ఒకరు తన దగ్గరున్న కెనాన్ ఆర్‌ఎఫ్ 16 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్‌ను నాలుగు రోజులకు అరువిచ్చారు, వడ్డీ లేకుండా. బరువు 165 గ్రాములు, పొడవు నాలుగు సెంటీమీటర్లు. చీర కొంగున ముడేసుకునేంత లేదు గానీ, కూరగాయల సంచీలో ఒక మూల పడి ఉంటుంది.

మేం కాకినాడ వాళ్ళం. బదిలీ మీద ఇక్కడికి వచ్చి రెండేళ్ళు దాటింది. కాకినాడలో ఉన్నప్పుడు యానాం మాకు పక్క ఊరు, ఇప్పుడు ఆ యానాం ప్రభుత్వం ఉండే ఊళ్ళోనే కాపురం. పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉంది మా తేంగాయితిట్టు. ఫోన్లో ఈ పేరు వినగానే మా బంధువులు "అదేం తిట్టు?" అంటారు. తమిళంలో తేంగాయ్ అంటే మన టెంకాయే, తిట్టు అంటే మెట్ట, దిబ్బ. కొబ్బరి దిబ్బ అనుకోవచ్చు.

లెన్స్ అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. వచ్చే నెలలో మా అత్తయ్యగారికి సహస్ర చంద్ర దర్శనం. వెయ్యి పున్నములు నిండాలంటే లెక్క ప్రకారం దాదాపు 80 ఏళ్ళ 10 నెలలు పడుతుంది. మరుదులిద్దరూ, ఆడపడుచూ పిల్లలతో వస్తున్నారు. అందరూ ఒక కప్పు కింద చేరి పదకొండేళ్ళయింది. ఉండేది రెండు రోజులే. మావయ్యగారు ఉండగా తీసిన చివరి గ్రూపు ఫోటో ఒకటుంది. పెళ్ళింట్లో ఎవరో ఫోన్లో 0.5 అన్న గుర్తు నొక్కి తీశారు. అత్తయ్యగారు అందులో ఎడమ అంచున ఉన్నారు. ముఖం అడ్డంగా సాగి, భుజం ఉబ్బి, ఆవిడ పోలికలే లేవు. "అది నేను కాదమ్మా" అంటారు. ఆ ఫోటోకి ఫ్రేము కట్టించనివ్వలేదు, కానీ పారేయనూ లేదు. బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఈసారి అలా కాకూడదన్నది నా పట్టుదల.

ముందు లెన్స్ సంగతి. 16, 24, 35 అన్న అంకెలు ఫోకల్ లెంగ్త్‌వి. అంకె తగ్గేకొద్దీ కనిపించే మేర పెరుగుతుంది. నా కెమెరా ఈఓఎస్ ఆర్‌పి, పూర్తి సైజు సెన్సార్ ఉన్నది. దాని మీద 35 మి.మీ. లెన్స్ అడ్డంగా 54 డిగ్రీలు చూస్తుంది, 24 మి.మీ. లెన్స్ 74 డిగ్రీలు, ఈ 16 మి.మీ. లెన్స్ 97 డిగ్రీలు. మూల నుంచి మూలకు కొలిస్తే 108. అంటే గది మూలలో వీపు గోడకు ఆనించి నిలబడితే రెండు పక్కల గోడలూ ఫోటోలోకి వచ్చేస్తాయి. ఇదే లెన్స్‌ను చిన్న సెన్సార్ ఉన్న ఆర్50 లాంటి కెమెరాకు తగిలిస్తే 1.6 రెట్లు లెక్క కట్టాలి. 25.6 మి.మీ. లాగా పనిచేస్తుంది. మన ఫోన్లలో మామూలు కెమెరా చూసేది కూడా రమారమి అంతే. కాబట్టి అలాంటి కెమెరా ఉన్నవాళ్ళు లెన్స్ మీది 16 చూసి డబ్బు పెట్టేముందు ఒక్కసారి ఈ గుణకారం చేసుకోవాలి.

ఇంత చిన్న లెన్స్ ఇదివరకు ఎందుకు లేదంటే, అద్దం వల్ల. పాత ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం లేచి పడుతూ ఉండేది. దానికి చోటివ్వాలి కాబట్టి లెన్స్ వెనుక కొస ఫిల్ముకు దూరంగా ఉండాలి. వైడ్ లెన్స్‌కు సహజంగా కావలసింది అందుకు విరుద్ధం, దగ్గరగా ఉండడం. 1950లో పియర్ ఆంజెన్యూ అనే ఫ్రెంచి ఆయన "రెట్రోఫోకస్" పేరుతో ఈ చిక్కు విప్పాడు (పుదుచ్చేరిలో కూర్చుని రాస్తున్నప్పుడు ఒక ఫ్రెంచి ఆయన తగలకపోతే ఎలా). ముందువైపు కాంతిని విప్పార్చే గాజులు పెట్టి, లెన్స్ దూరంగా ఉన్నా పని జరిగేలా చేశాడు. అయితే ఈ పద్ధతిలో లెన్స్ పెద్దదవుతుంది. కెనాన్ పాత కెమెరాల్లో లెన్స్ తగిలించే అంచుకూ సెన్సార్‌కూ మధ్య 44 మి.మీ. ఎడం ఉండేది. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్ మిర్రర్‌లెస్ కెమెరాల్లో అది 20 మి.మీ. పాత రకంలో 14 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ బరువు 645 గ్రాములు, నా చేతిలోది 165. ఈ తేడా అంతా అద్దం పుణ్యమే కాదు. అంచుల్లో గీతలు వంగడాన్ని గాజుతో పూర్తిగా సరిచేయకుండా, కెమెరాలోని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. జేపెగ్ ఫోటోల్లో ఆ సవరణ దానంతటదే జరిగిపోతుంది. రా ఫైళ్ళు వాడేవాళ్ళు తమ సాఫ్ట్‌వేర్‌లో ఈ లెన్స్ ప్రొఫైల్ ఉందో లేదో చూసుకోవాలి.

మొదటి రెండు రోజులు హార్బరుకు వెళ్ళాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని కాకినాడలోనూ ఇదే పాటిస్తారు. ఆ రోజుల్లో బోట్లన్నీ ఒడ్డున ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కట్టేసి ఉంటాయి. రంగులు, చెక్కపని, వలల మరమ్మతు అప్పుడే. వెనక్కి జరిగి తీద్దామంటే వీపుకు ఇంకో బోటు తగులుతుంది. వైడ్ లెన్స్ పరీక్షకు ఇంతకన్నా మంచి చోటు ఉండదు.

అక్కడ తేలిన మొదటి విషయం: ఫోటోలో దగ్గర వస్తువు ఎంత పెద్దగా, దూరపుది ఎంత చిన్నగా పడుతుందన్నది లెన్స్ నిర్ణయించదు, మనం నిలబడ్డ దూరం నిర్ణయిస్తుంది. బోటు పొడవు 12 మీటర్లు అనుకోండి. అణియానికి, అంటే ముందు కొసకు, ఒక మీటరు దూరంలో నిలబడితే వెనుక కొస 13 మీటర్ల దూరంలో ఉంటుంది. ముందుది వెనుకదానికి 13 రెట్లు పెద్దగా పడుతుంది. పది మీటర్లు వెనక్కి పోతే ఆ దూరాలు 10, 22. తేడా రెండు రెట్ల పైచిలుకే. ఒక మీటరులో నిలబడి బోటంతా పట్టుకోగలిగేది వైడ్ లెన్సే కాబట్టి, ఆ పొగరంతా లెన్స్‌దే అనుకుంటాం.

అలాగని దూరం నుంచి 16తో తీస్తే ఏమొస్తుంది? ఆకాశం, నీళ్ళు, మధ్యలో అగ్గిపెట్టెల్లాంటి బోట్లు. మొదటి రోజు ఉదయం గట్టు మీద నుంచి తీసినవాటిలో దాచుకోదగ్గది ఒక్కటీ లేదు. వల అల్లుతున్న ఒక పెద్దాయనకు మీటరు దూరంలో కూర్చుని తీసినప్పుడే లెన్స్ ప్రాణం పోసుకుంది. కింద ఆయన వేళ్ళు, నైలాను దారం, మధ్యలో ముఖం, వెనుక వరసగా బోట్లు. ఇంత దగ్గరగా వెళ్ళినప్పుడు చాటుగా తీయడం కుదరదు. అడగాలి. "పడమ్ ఎడుక్కలామా?" అన్నాను. నా తమిళం విని ఆయన నవ్వి, "ఏ ఊరమ్మా?" అని తెలుగులో అడిగారు. కాకినాడ రేవులో చాలాసార్లు దిగారట. పావుగంట మాటలయ్యాక తీసిన ఫోటోలో ఆయన కెమెరాను మరిచిపోయి ఉన్నారు. వంద మీటర్ల నుంచి పెద్ద లెన్స్‌తో దొంగిలించినట్టు తీసే ఫోటోల కన్నా ఈ పద్ధతి నాకు నచ్చింది.

ఫోకస్ గురించి బెంగ అక్కర్లేదు. ఎఫ్/8 పెట్టి రమారమి 1.1 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే అరమీటరు పైనుంచి దిగంతం దాకా స్పష్టంగానే ఉంటుంది. ఇంకా దగ్గరకీ పోవచ్చు. కనీస దూరం 13 సెం.మీ. అని రాసి ఉంటుంది గానీ అది సెన్సార్ నుంచి కొలిచినది. లెన్స్ ముందు గాజు నుంచి చూస్తే ఏడు సెంటీమీటర్లే మిగులుతుంది. ఏటి ఒడ్డున మడచెట్ల ఊపిరి వేర్లు బురదలోంచి పెన్సిళ్ళలా పైకి లేచి ఉంటాయి, మన కోరింగలో లాగానే. కెమెరాను దాదాపు బురదకు ఆనించి, ఒక వేరుకు జానెడు దూరంలో పెట్టి తీస్తే, వేరు స్తంభంలా నిలిచి వెనుక ఏరంతా కనబడింది. ఉప్పుగాలి తగిలే చోట్లు ఇవి. ఈ లెన్స్‌కు తేమ, దుమ్ము చొరకుండా సీలింగ్ లేదు. ఇంటికి రాగానే మెత్తని గుడ్డతో తుడవాల్సిందే. నీటి మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టరు మాత్రం దీనికి వద్దు. ఆకాశంలో ఇంత వెడల్పు ముక్క తీసుకున్నప్పుడు ఒక పక్క ముదురు నీలం, ఇంకో పక్క పాలిపోయిన రంగు వస్తుంది.

మూడో రోజు అసలు పరీక్ష, ఇంట్లో. మా అబ్బాయి చేత హాల్లో కుర్చీలు వేయించి, వాటి మీద ఒక్కో బత్తాయి పెట్టించాను. మధ్యలో ఉన్న బత్తాయి గుండ్రంగానే పడింది. అంచున ఉన్నది కోడిగుడ్డయింది. ల్యాప్‌టాప్‌లో స్కేలు పెట్టి కొలిస్తే అడ్డం నిలువుకు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇది లెన్స్ లోపం కాదు. గుండ్రటి వస్తువును పక్కనుంచి చదునైన తెర మీదికి తెచ్చినప్పుడు జరిగే సాగుడు. మధ్య నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకు పోతే అంత సాగుతుంది: 20 డిగ్రీల దగ్గర ఆరు శాతం, 30 దగ్గర 15 శాతం, 48 దగ్గర 50 శాతం. పెళ్ళి ఫోటోలో అత్తయ్యగారికి జరిగింది ఇదే. అంచున నిలబడడమే ఆవిడ నేరం.

దీన్నిబట్టి మా హాలు లెక్క వేశాను. పొడవు 12 అడుగులు. రెండు వరసలకు మూడడుగులు పోను, కెమెరాకు మిగిలేది తొమ్మిది అడుగులు, అంటే 2.7 మీటర్లు. ఏడుగురు ఒక వరస, వెడల్పు 3.2 మీటర్లు. అంటే అంచున ఉన్నవాళ్ళు మధ్యకు 30 డిగ్రీల పక్కన. మొత్తం 61 డిగ్రీలు చాలు. అది నా మామూలు కిట్ లెన్స్‌లో 24 మి.మీ. దగ్గరే పడుతుంది! 16 అక్కర్లేదు. పెట్టినా అటూ ఇటూ గోడలు అదనంగా వస్తాయంతే. నిలబడ్డ చోటు మారనంతవరకు అంచు వాళ్ళ సాగుడు రెండు లెన్స్‌లతోనూ అంతే, 16 శాతం. తగ్గాలంటే వెనక్కి పోవాలి. వీధి తలుపు తీసి కెమెరాను వరండాలో పెట్టి చూశాను. తలుపు వెడల్పు మూడడుగులు. మీటరు కన్నా వెనక్కి పోతే ద్వారబంధం అడ్డొస్తుంది. సరిగ్గా మీటరు వెనక్కి పెడితే సాగుడు తొమ్మిది శాతానికి దిగింది. అంత తేడా కంటికి ఆనదు. 35 మి.మీ. దగ్గర అందరూ పడతారు.

షాపులోనూ బ్రాంచిలోనూ చెప్పిన జవాబు అలా మా హాలుకు చెల్లలేదు. కానీ లెన్స్ వృథా అనడానికీ లేదు. నాలుగో రోజు హోమం జరిగే పది అడుగుల గదిలో పెట్టి చూశాను. అక్కడ గ్రూపు ఫోటో ఉండదు. పీట మీద అత్తయ్యగారు, ముందు కలశాలు, పక్కన పురోహితుడు, చుట్టూ పిల్లలు. వెనక్కి జరగడానికి అంగుళం ఉండదు. కిట్ లెన్స్‌లో ఆవిడ ముఖం వస్తే కలశం తెగుతుంది, కలశం వస్తే మనవలు తెగుతారు. 16తో నేల మీద చతికిలబడి, కెమెరాను ఆవిడ కంటి ఎత్తున సమంగా పట్టుకుంటే అన్నీ వచ్చాయి. కెమెరాను పైకో కిందికో వంచితే తలుపులు, గోడలు వాలిపోతాయి కాబట్టి ఆ "సమంగా" అన్న మాట ముఖ్యం. ముఖాన్ని ఫ్రేము మధ్యలోనే ఉంచాలి. దూరం మీటరుకు తగ్గకూడదు. ముక్కుకూ చెవికీ మధ్య 12 సెం.మీ. ఉంటుందనుకుంటే, 30 సెం.మీ. నుంచి తీసినప్పుడు ముక్కు చెవి కన్నా 1.4 రెట్లు పెద్దగా పడుతుంది. మీటరు నుంచి అయితే 1.12. ఇక అంచుల్లో మనుషుల ముఖాలు రాకుండా అరటిపిలకలో, దీపపు సెమ్మెలో పెట్టించాలి. అరటిపిలక లావైందని ఎవరూ అలగరు.

వెలుతురు సంగతి కూడా ఆ గదిలోనే తేలింది. కిట్ లెన్స్ 24 దగ్గర ఎఫ్/4, ఇది ఎఫ్/2.8. లోపలికి వచ్చే కాంతి రెట్టింపు. హోమం పొగలో ఫ్లాష్ వేస్తే పొగే తెల్లగా పడుతుంది కాబట్టి ఆ రెట్టింపు అక్కరకొస్తుంది. అత్తయ్యగారికి చూపు మందగించింది. ఫోటోలు పెద్ద సైజులో ప్రింటు తీయిస్తేనే, దగ్గరగా పట్టుకుని చూస్తారు. ఫోన్ల చిన్న సెన్సార్‌తో మసక వెలుతుర్లో తీసినవి ఆ సైజుకు నిలవడం కష్టం.

బత్తాయిల తతంగమంతా ఆవిడ సోఫాలో కూర్చుని చూస్తూనే ఉన్నారు. "నన్నెక్కడ కూర్చోబెడతావు?" అని అడిగారు. మొదటి వరస మధ్యలో అన్నాను. "నాకు పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచు" అన్నారు. కాసేపటికి, ఆ కుర్చీలో మావయ్యగారి పటం పెట్టమని చెప్పారు. పటానికి గాజు ఉంది, వరండా వెలుగు దాని మీద మెరుస్తుంది. కుర్చీని కొంచెం పక్కకు తిప్పి, పటాన్ని ముందుకు వంచి చూశాను. పదిహేను డిగ్రీల వాలులో మెరుపు పోయింది. కుర్చీ కాళ్ళ దగ్గర, వరండాలో కెమెరా స్టాండు దగ్గర సుద్దముక్కతో గుర్తులు పెట్టాం.

లెన్స్ తిరిగి ఇచ్చేశాను. సహోద్యోగిగారు ఆ రెండు రోజులకూ మళ్ళీ ఇస్తానన్నారు. కొనడం గురించి మా వారు ఇంకా లెక్కలు వేస్తున్నారు.