దోమ, కుక్క, మానవుడు: దారి తప్పిన ఒక క్రిమి కథ

మన ఓరుగల్లు చెరువుల సీమ. కాకతీయులు త్రవ్వించిన చెరువుల వలన ఈ నేల పండినది. పారు నీరు పంటకు మేలు చేసినట్లే, నిలిచిన నీరు దోమకు మేలు చేయును. వానకాలము మొదలైన పిదప, దీపములు పెట్టు వేళకు మన వీధులలో రెండు దృశ్యములు తరచుగా కనిపించును: మురుగు కాలువ మీద ముసరు దోమలు, ఆ కాలువ గట్టున పండుకొన్న కుక్కలు. ఈ రెంటికిని మన ఆరోగ్యమునకును గల ఒక సంబంధమును విద్యార్థి మిత్రులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

దోమ వలన వచ్చు పురుగుల వ్యాధి అనగానే మనకు బోదకాలు జ్ఞప్తికి వచ్చును. ఉర్దూలో దీనిని 'ఫీల్‌పా' అందురు; అనగా ఏనుగు పాదము. దీనికి ముఖ్య కారణమైన ఉచెరేరియా బాంక్రాఫ్టి అను క్రిమికి మానవ శరీరమే నిజమైన నివాసము. మనిషి నుండి క్యూలెక్స్ దోమకు, ఆ దోమ నుండి మరియొక మనిషికి అది వ్యాపించును. దానికి దాయాది వంటి మరియొక క్రిమి జాతి కలదు. దాని నివాసము కుక్క. అయినను అప్పుడప్పుడు అది దారి తప్పి మనిషి చర్మము క్రిందనో, కంటిలోనో, ఊపిరితిత్తిలోనో తేలును. ఆ జాతి పేరు డైరోఫైలేరియా. లాటిను భాషలో ఈ మాటకు 'భయంకరమైన దారము' అని అర్థము. పేరు అట్టిదైనను, మానవుడు దానికి ఎంతవరకు భయపడవలెను, ఎచ్చట భయపడనక్కరలేదు అనునదే మనము తెలిసికొనవలసిన పాఠము.

క్రిమి, దాని జీవిత చక్రము

ఈ జాతిలో మనకు ముఖ్యమైనవి రెండు. మొదటిది డైరోఫైలేరియా ఇమ్మిటిస్. ఇది కుక్క గుండెయొక్క కుడి భాగమునందును, ఊపిరితిత్తులకు పోవు ధమనులయందును నివసించును. ఆడ పురుగు 25 నుండి 30 సెంటీమీటర్ల పొడవుండును. రెండవది డైరోఫైలేరియా రెపెన్స్. ఇది కుక్క చర్మము క్రింద ఉండును. 'రెపెన్స్' అనగా ప్రాకునది. దక్షిణ భారతదేశమున మనుషులలో కనుగొనబడినవి అధికముగా ఈ రెండవ రకమునకు చెందినవే.

ఆడ పురుగు గ్రుడ్లు పెట్టదు. సూక్ష్మమైన పిల్లలను కుక్క రక్తములోనికి విడుచును. వీనిని మైక్రోఫైలేరియాలు అందురు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రమే. దోమ ఆ కుక్కను కుట్టినపుడు ఇవి రక్తముతో పాటు దోమ కడుపులోనికి చేరి, అచ్చటి నుండి దోమయొక్క విసర్జన నాళములలో ప్రవేశించి, రెండు మారులు కుబుసము విడిచి, మూడవ దశకు వచ్చును. మన వంటి ఉష్ణ ప్రాంతములలో ఇందుకు సుమారు 10 నుండి 14 దినములు చాలును. ఆ పిదప అవి దోమ నోటి భాగములకు చేరి, దోమ మరల కుట్టినపుడు ఆ గాయము గుండా క్రొత్త శరీరములోనికి ప్రాకును. ఈ పని ఒక్క క్యూలెక్స్ దోమయే గాక ఏడిస్, అనాఫిలిస్ దోమలలోని పలు రకములును చేయగలవు.

క్రొత్త శరీరము కుక్కదైనచో క్రిమి పెరిగి, జత కలిసి, సంతానము కనును. అది మనిషిదైనచో కథ అచ్చటనే ఆగిపోవును. సాధారణముగా ఒకే ఒక పురుగు మిగులును. దానికి జత దొరకదు. మన శరీరపు రక్షణ శక్తి దానిని చుట్టుముట్టి చంపును. కనుక బహు అరుదుగా తప్ప మనిషి రక్తములో దాని పిల్లలు కనిపించవు. అనగా ఈ వ్యాధి ఒక మనిషి నుండి మరియొక మనిషికి వ్యాపించదు. రోగి తాకిన వస్తువు వలన గాని, కలిసి భుజించుట వలన గాని, కుక్కను నిమిరినందువలన గాని ఇది రాదు. దోమ కుట్టవలెను; ఆ దోమ అంతకుముందు వ్యాధి సోకిన కుక్కను కుట్టియుండవలెను.

శాస్త్రజ్ఞుల అన్వేషణ

1566లో పోర్చుగల్ దేశీయుడైన అమాటో లుసిటానో అను వైద్యుడు ఒక చిన్న బాలిక కంటి నుండి వెలువడిన పురుగును గూర్చి వ్రాసెను. అది ఈ జాతిదే కావచ్చునని తరువాతి వారు తలచిరి. దోమ పాత్ర మాత్రము మూడు వందల సంవత్సరములు ఎవరికిని తెలియలేదు. 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ మానవ రక్తములో మైక్రోఫైలేరియాలను చూచెను. 1877లో చైనా దేశపు అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్, బోదకాలు క్రిమి దోమ శరీరములో పెరుగునని కనుగొనెను. దోమకును వ్యాధికిని ముడివేసిన మొదటి ఆధారమిది. మాన్సన్ ప్రోత్సాహముతోనే రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో మలేరియా క్రిమిని దోమ కడుపులో చూచెను. కాజీపేటలో రైలెక్కిన వారు కొద్ది గంటలలో చేరు ఊరిలో ఇంత గొప్ప విషయము తేలినదని మన విద్యార్థులు గుర్తుంచుకొనదగును.

మనిషిలో కనిపించు తీరు, జరుగు పొరపాట్లు

మన దేశములో ఈ వ్యాధి వార్తలు కేరళ రాష్ట్రము నుండి ఎక్కువగా వచ్చినవి. కన్ను ఎర్రబడి, నలుసు పడినట్లుండి, పరీక్షించినపుడు తెల్లగ్రుడ్డు పైపొర క్రింద తెల్లని దారము కదలుచుండుట ఒక రూపము. ముఖము, కనురెప్ప, చేయి, రొమ్ము మున్నగు చోట్ల బఠాణీ గింజ మొదలు గోళీకాయంత గడ్డ లేచుట మరియొక రూపము. ఆ గడ్డ ఒక్కొక్కప్పుడు చోటు మారును. గుండెపురుగైనచో ఊపిరితిత్తిలో చచ్చి, ఎక్స్‌రేలో రూపాయి బిళ్ళ వంటి నీడగా కనిపించును.

అసలు ప్రమాదము ఇచ్చటనే కలదు. క్రిమి చేయు హాని కన్న, దానిని గుర్తింపకపోవుట వలన కలుగు హాని పెద్దది. రొమ్ములోని గడ్డను, ఊపిరితిత్తిలోని నీడను చూచి క్యాన్సరని కుటుంబమంతయు కుమిలిపోవును; అవసరము లేని పెద్ద శస్త్రచికిత్స జరుగును. మరియొక వైపు, గడ్డను ఎచ్చటనో కోయించుకొని, తీసిన దానిని పారవేయుదురు. వ్యాధి పేరు ఎన్నటికిని తెలియదు. ఒక ప్రాంతములో ఈ రోగము నమోదు కాలేదన్నంత మాత్రమున అచ్చట లేదని చెప్పజాలము. వెదకిన చోటనే కనిపించును గదా!

బోదకాలును గుర్తించుటకు రాత్రి పది గంటల నుండి రెండు గంటల మధ్య రక్తము తీయుదురు. ఆ క్రిమి పిల్లలు ఆ వేళకే పై రక్తనాళములలోనికి వచ్చును. మనిషికి సోకిన కుక్క పురుగును పట్టుటకు ఈ పరీక్ష అక్కరకు రాదు. రక్తములో పిల్లలే ఉండవు గనుక. తీసిన గడ్డను పెథాలజీ ప్రయోగశాలకు పంపి సూక్ష్మదర్శినితో చూచుటయే మార్గము. రెపెన్స్ పురుగు పైతోలు మీద నిలువు గీతలుండును. ఇమ్మిటిస్ పైతోలు నున్నగా ఉండును. పురుగును పూర్తిగా తీసివేసినచో సాధారణముగా చికిత్స ముగిసినట్లే. పేరు తెలిసిన భయము సగము తగ్గిన భయము.

తెలుగువాని కానుక

ఈ క్రిముల కథలో మనము గర్వింపదగిన పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికా వెళ్ళి, లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు నాయకుడయ్యెను. ఆయన బృందము 1947లో డైఇథైల్‌కార్బమజీన్ అను మందును లోకమునకిచ్చెను. దానిని మొదట ఒక జాతి ఎలుకల మీదను, గుండెపురుగు సోకిన కుక్కల మీదను పరీక్షించిరి. కుక్క పురుగు మీద గెలిచిన మందే మనిషి బోదకాలుకు మందైనది! మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూసెను.

మన ప్రభుత్వము 2004 నుండి బోదకాలు గల జిల్లాలలో సామూహికముగా పంచుచు వచ్చిన మాత్రలలో ఈ మందు కలదు. 2027 నాటికి ఆ వ్యాధిని నిర్మూలింపవలెనని దేశముయొక్క లక్ష్యము. మాత్రలను పుచ్చుకొని పెట్టెలో దాచుట మన ఇండ్లలో కద్దు. గర్భిణులు, రెండేండ్ల లోపు పిల్లలు, తీవ్ర రోగులు తప్ప తక్కినవారు వానిని ఆరోగ్య కార్యకర్త ఎదుటనే మ్రింగవలెను. అయితే ఈ మందును పెంపుడు కుక్కకు సొంతముగా వేయరాదు. రక్తములో పిల్లలున్న కుక్కకు వేసినచో అవి ఒక్కసారిగా చచ్చి కుక్క ప్రాణమునకే ముప్పు తెచ్చును. మన మామునూరులోనే పశువైద్య కళాశాల కలదు. పశువైద్యుని సలహా పొందుట కష్టము కాదు.

మన కర్తవ్యము

కుక్కలను కొట్టి చంపిన ఈ వ్యాధి పోవునా? పోదు. ఒక కుక్క పోయిన చోటికి మరియొకటి వచ్చును. దోమ మాత్రము అచ్చటనే ఉండును. గొలుసులో మనము త్రెంపగల కడియము దోమయే. గ్రుడ్డు నుండి దోమ వెలువడుటకు ఇంచుమించు వారము, పది దినములు పట్టును. కనుక వారమునకొక దినము గోలెము, తొట్టి, కూలరు, పూలకుండీ క్రింది పళ్ళెము ఖాళీ చేసి ఎండబెట్టినచో ఆ వారపు దోమలు పుట్టవు. పాత టైర్లలోను, కొబ్బరి చిప్పలలోను నీరు నిలువరాదు. పెంపుడు కుక్కకు ఏటా రక్త పరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన నివారణ మందు వాడవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి: మిద్దె మీది నీటి ట్యాంకులకు బిగువైన మూతలు, వసతిగృహపు కిటికీలకు సన్నని జాలి, ఆవరణలోని మురుగు కాలువకు సరియైన వాలు, ఈ మూడును ఏర్పరచినచో అనేక దోమకాటు వ్యాధుల నుండి మన విద్యార్థులకు రక్షణ కలుగును. విద్యార్థి మిత్రులకు మా మనవి: ఇంట ఎవరికైన గడ్డ కనిపించినచో దాచవద్దు, మంత్రగాని యొద్దకు పోవద్దు, ఆసుపత్రికి తోడుకొని పొండు, తీసిన గడ్డను పరీక్షకు పంపుడని అడుగుడు. బోదకాలు గలవారిని ఎగతాళి చేయువారిని చూచినపుడు, ఆ రోగము పాపము వలన రాలేదని, దోమ వలన వచ్చినదని చెప్పుడు. చదివిన చదువునకు ఇంతకన్న మంచి ఉపయోగము లేదని మేము తలచుచున్నాము.