ప్రాజెక్టుకు అచ్చు పాలిమర్.. ఇంటర్వ్యూలో అదే బలం!

హైదరాబాద్ చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివేవారి మధ్య ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఎం.ఫార్మసీ పూర్తిచేసినవాళ్లూ కనిపిస్తుంటారు. సబ్జెక్టు వైపు ఉద్యోగం వెతుక్కునేటప్పుడు వీరిలో చాలామందిని ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒక్కటే: ‘ప్రాజెక్టులో ఈ కండిషన్లే ఎందుకు తీసుకున్నారు?’ దానికి గట్టి జవాబు సిద్ధం చేసే అంశాల్లో మాలిక్యులర్లీ ఇంప్రింటెడ్ పాలిమర్ (ఎంఐపీ) ఒకటి.

ఏమిటిది?

ఒక మందు అణువు చుట్టూ పాలిమర్‌ను గట్టిపరిచి, తర్వాత ఆ అణువును కడిగేస్తే దాని ఆకారంలో ఖాళీలు మిగులుతాయి. మళ్లీ అదే అణువు ఎదురైతే అవి పట్టుకుంటాయి. 1993లో మోస్‌బాక్ బృందం నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో ఇలాంటి పాలిమర్ ఆస్తమా మందు థియోఫిలిన్‌ను కెఫీన్ నుంచి వేరుగా గుర్తించింది. ఈ రెండింటికీ తేడా ఒక్క మిథైల్ గ్రూపే.

దేన్ని మార్చాలి?

టెంప్లేట్ (అచ్చు వేయాల్సిన అణువు), మోనోమర్‌గా మెథాక్రిలిక్ ఆమ్లం, క్రాస్‌లింకర్‌గా ఈజీడీఎంఏ.. 1:4:20 మోల్ నిష్పత్తితో మొదలుపెట్టడం పరిపాటి. మోనోమర్ మరీ ఎక్కువైతే ఏది పడితే అది అంటుకుంటుంది. క్రాస్‌లింకర్ తగ్గితే ఖాళీలు నిలవవు. నీరు, మిథనాల్ హైడ్రోజన్ బంధాలను దెబ్బతీస్తాయి కాబట్టి సాధారణంగా అసిటోనైట్రైల్, టోలుయీన్ వంటి ద్రావణులు వాడతారు. ఇనిషియేటర్ ఏఐబీఎన్‌తో 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర పాలిమర్ తయారవుతుంది. అదే యూవీ కాంతితో చల్లగా చేస్తే టెంప్లేట్, మోనోమర్ల బంధం మెరుగ్గా నిలుస్తుంది. మిశ్రమంలోకి నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను తరిమేయడం మరవొద్దు. ఆక్సిజన్ రాడికల్స్‌ను మింగేస్తుంది.

టెంప్లేట్ లేకుండా అదే పద్ధతిలో చేసిన పాలిమర్ (ఎన్‌ఐపీ) పక్కన లేకపోతే మీ ఫలితానికి విలువ లేదు. ఎంఐపీ పట్టుకున్నదాన్ని ఎన్‌ఐపీ పట్టుకున్నదానితో భాగిస్తే ఇంప్రింటింగ్ ఫ్యాక్టర్ వస్తుంది. అది 1 దగ్గరే ఉంటే అచ్చు పడలేదన్నమాట. మిథనాల్–అసిటిక్ ఆమ్లంతో సాక్స్‌లెట్‌లో కడిగాక, చివరిగా కడిగిన ద్రావణంలో టెంప్లేట్ ఇంకా వస్తోందేమో హెచ్‌పీఎల్‌సీలో చూడాలి.

ఉద్యోగానికి ఎలా?

ఎంఐపీ పేరుతో నేరుగా దొరికే కొలువులు తక్కువ. అసలు లాభం వేరే చోట ఉంది. ఉష్ణోగ్రత, నిష్పత్తి, ద్రావణి.. ఈ మూడింటిని రెండేసి స్థాయుల్లో మారిస్తే ఎనిమిది ప్రయోగాలు. ఒక్కోదాన్నే విడిగా మారిస్తే కనిపించని పరస్పర ప్రభావం వీటిలో బయటపడుతుంది. ఇదే డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్. ఫార్మా కంపెనీల క్వాలిటీ బై డిజైన్ పనిలో ఇది కీలకం. ప్రాసెస్, అనలిటికల్ ఆర్‌ అండ్‌ డీ ఇంటర్వ్యూలకు వెళ్లేవారు తమ ఎనిమిది ప్రయోగాల పట్టికను, విఫలమైన వాటితో సహా, వివరించగలగాలి.

పరిశోధన వైపైతే..

తార్నాకలోని ఐఐసీటీ, బాలానగర్‌లోని నైపర్, ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాలు నగర విద్యార్థికి ఊళ్లోనే ఉన్నాయి. కెమిస్ట్రీవారికి సీఎస్‌ఐఆర్‌ నెట్, గేట్; ఫార్మసీవారికి జీప్యాట్ దారులు. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు రూ.37,000. అంశం ఖరారు చేసే ముందే గైడ్‌ను రెండు విషయాలు అడగండి: హెచ్‌పీఎల్‌సీ మీద మీకు ఎంత సమయం దొరుకుతుంది? ఎన్‌ఐపీతో సహా అన్ని బ్యాచ్‌లకూ రసాయనాలు సరిపోతాయా? ఈ రెండూ కుదరకపోతే అంశం మార్చుకోవడమే మేలు.