భిన్న సంస్కృతుల దాంపత్యంలో కలహ కారణాలు: కోఠీ రెసిడెన్సీ ఉదాహరణ

భిన్న మతాలకు, భిన్న భాషలకు చెందిన స్త్రీపురుషులు ప్రేమించి పెండ్లాడితే వారి మధ్య కలహాలు ఎందుకు పుడతాయని అడిగినప్పుడు, ఆహారం, వేషం, భాష అని విద్యార్థులు వెంటనే జవాబిస్తారు. ఇవి కారణాలు కాకపోలేదు. కాని వీటిని దంపతులు తమలో తాము సర్దుకొనగలరు. ఇద్దరే కూర్చుని తీర్చుకొనలేని చిక్కులు వేరే ఉన్నాయని మా అభిప్రాయం. వాటిని పరిశీలించడానికి దూరదేశపు గాథలు అక్కరలేదు. నేడు మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నిలిచి ఉన్న హైదరాబాదు కోఠీ రెసిడెన్సీ చరిత్ర చాలు.

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుండి 1805 వరకు నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. పారశీకం ఎరిగినవాడు, మొగలాయి దుస్తులు ధరించినవాడు, నిజాం అలీ ఖాన్ చేత 'హష్మత్ జంగ్' బిరుదు పొందినవాడు. ఖైరున్నిసా బేగం సయ్యద్ వంశంలో పుట్టిన కన్య. దర్బారులో ప్రముఖుడైన మీర్ ఆలంకు బంధువు. ఆమెకు అప్పటికే మరొక సంబంధం నిశ్చయమై ఉన్నది. దానిని కాదని ఆమె కిర్క్‌పాట్రిక్‌ను కోరుకొన్నది. ఆయన ఇస్లాం స్వీకరించి 1800 ప్రాంతంలో ఆమెను నికాహ్ చేసుకొన్నాడు. రెసిడెన్సీలో ఆమె కొరకు రంగ్ మహల్ అనే జనానా కట్టించాడు. అది నేడు లేదు. మతం, వేషం, భాష, ఘోషా అన్నీ ఈ విధంగా కుదిరిపోయినవి. అయినను కలహం ఆగలేదు.

మొదటిది బంధువుల ఆగ్రహం. ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. 'కుటుంబం ఒప్పుకోలేదు' అని మనం తేలికగా అంటాము. కాని కుటుంబానికి ఒకే నోరు ఉండదు. తల్లి షర్ఫున్నిసా కుమార్తె పక్షాన నిలిచింది. తాత బాఖర్ అలీ ఖాన్ ఎదిరించాడు. రెండవది విధేయతను గూర్చిన అనుమానం. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ విచారణ జరిపించాడు. ఈ భర్త ఎవరివాడన్న ప్రశ్న కంపెనీ వారిని వదలలేదు. పైగా ఆ నికాహ్‌కు ఆంగ్ల చట్టం దృష్టిలో విలువ లేదు.

ఈ చివరి చిక్కుకు నేడు మన దేశంలో పరిష్కారం ఉన్నది. 1954 ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ఎవరి మతం వారు విడువకుండానే వివాహం చేసుకొనవచ్చు. అయితే పుట్టబోయే బిడ్డ పేరేమిటో, ఏ ఇంట, ఏ మాటల మధ్య పెరగవలెనో ఆ చట్టం చెప్పదు. ప్రేమించినవారు పెండ్లికి ముందు మాట్లాడుకొనవలసిన విషయాలలో ఇది మొదటిదని మేము తలుస్తాము. సాధారణంగా అందరూ చివరకు మిగిల్చేదీ ఇదే.

ఖైరున్నిసా బిడ్డలకు రెండేసి పేర్లు. 1801లో పుట్టిన కుమారుడు హైదరాబాదులో సాహిబ్ ఆలం, ఇంగ్లండులో విలియం జార్జ్. 1802లో పుట్టిన కుమార్తె సాహిబ్ బేగం. తరువాత కేథరిన్ అరోరా. 1805లో, నాలుగేండ్ల బాలుని, మూడేండ్ల బాలికను తండ్రి చదువుకై ఇంగ్లండుకు పంపించాడు. ఆనాడు కంపెనీ అధికారులలో అది వాడుక. ఆ తండ్రికి అది బిడ్డల భవిష్యత్తుగా తోచింది. తల్లికి మాత్రం అది ఎడబాటు. ఓడ ఎక్కకముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ చిత్రించిన పటంలో ఆ పిల్లలు హైదరాబాదు దుస్తులలోనే కనిపిస్తారు. అక్కడికి చేరిన పిమ్మట వారికి క్రైస్తవ నామకరణం జరిగింది.

అదే సంవత్సరం అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. ఖైరున్నిసా కొంతకాలం హైదరాబాదుకు రానీయబడక మచిలీపట్నంలో గడిపి, 1813లో హైదరాబాదులో కన్నుమూసింది. బిడ్డలను మరల చూడలేదు.

1841 ప్రాంతంలో కుమార్తె కేథరిన్‌కు, అమ్మమ్మ షర్ఫున్నిసాకు మధ్య ఉత్తరాలు నడిచినవి. మనుమరాలు ఆంగ్లంలో వ్రాసేది. అమ్మమ్మ పారశీకంలో వ్రాయించేది. ఒకరి మాట మరొకరికి చేరడానికి నడుమ అనువాదకులు కావలసివచ్చారు. వారిద్దరూ మళ్ళీ కలుసుకొనలేదు.