కరవు కాలంలో సబ్ర్

పైరు ఎండితే రైతు గుండె ఎండుతుంది. ఆకలితో, పంట నష్టంతో పరీక్షిస్తామని, సహనం వహించేవారికి శుభవార్త ఉందని దివ్యఖుర్ఆన్ (2:155) తెలుపుతోంది. అయితే సబ్ర్ అంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు.

హిజ్రీ 18లో మదీనాను కరవు పీడించింది. నేల బూడిదలా మారినందున దానికి ‘ఆముర్రమాదా’ (బూడిద సంవత్సరం) అని పేరు. ప్రజలు కోలుకునేవరకు నెయ్యి ముట్టనని ఖలీఫా ఉమర్ (రజి) ఒట్టు పెట్టుకున్నారు. సిరియా నుంచి ఆహారం తెప్పించారు. హజ్రత్ అబ్బాస్ (రజి)తో వాన కోసం దుఆ చేయించారు. ప్రయత్నం, ప్రార్థన రెండూ సబ్ర్‌లో భాగమే.

విశ్వాసి నాటిన మొక్కను పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతనికి దానమేనని దైవప్రవక్త (సఅసం) బోధించారు. కనుక రైతు సోదరులారా! నీటిని వృథా చేయకండి, పచ్చని చెట్టును నరకకండి, ప్రాణం తీసుకునే తలపును దరిచేరనివ్వకండి. అప్పుల పాలైనవారికి జకాత్‌లో హక్కు (9:60) ఉంది. స్థోమత గలవారు దాన్ని వారి గడపకు చేర్చాలి. ఆశలుడిగాక వాన కురిపించేవాడు అల్లాహ్‌యే.