యూదులను గూర్చి మనమెందుకు చదవాలి?



మర్కూక్‌లో గాని, మరే పల్లెలో గాని కుటుంబ ప్రార్థన ముగిసినప్పుడు చిన్నపిల్లలు సయితం “ఆమెన్” అంటారు. పాస్కా కాలంలో “అల్లెలూయ” పాడతాం. మ్రానికొమ్మల ఆదివారంనాడు “హోసన్నా” అంటూ ప్రదక్షిణలో నడుస్తాం. ఈ మూడూ తెలుగు మాటలు కావు, లాటిను మాటలూ కావు. యూదుల భాషయైన హీబ్రూ నుండి వచ్చినవి. మన నాలుకపై రోజూ ఆడే మాటలు ఎవరివో, ఆ ప్రజల కథ ఏమిటో మనకు ఎంత తెలుసు?

ఈ ప్రజల చరిత్రను, భాషలను, గ్రంథాలను, ఆచారాలను పరిశోధించే విద్యకు ‘యూదు అధ్యయనాలు’ అని పేరు. పూర్వం యూదులు తమ బడులలో ధర్మశాస్త్రాన్ని విశ్వాసంతో చదువుకునేవారు. క్రైస్తవ విద్యాపీఠాలలో హీబ్రూ నేర్పినా, అది ఎక్కువగా పూర్వవేదాన్ని అర్థం చేసుకొనడానికే. 1819లో బెర్లిన్ నగరంలో లియోపోల్డ్ జుంజ్, ఆయన మిత్రులు ఒక సంఘంగా కూడి, తమ జాతి చరిత్రను, సాహిత్యాన్ని శాస్త్రీయంగా పరిశోధించ పూనుకున్నారు. ఆనాటి జర్మనీ విశ్వవిద్యాలయాలు ఆ చదువుకు చోటివ్వలేదు. 1925లో యెరూషలేములో హీబ్రూ విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. అమెరికాలో హార్వర్డ్, కొలంబియా విశ్వవిద్యాలయాలు ఈ విద్యకు ప్రత్యేక ఆచార్య పీఠాలు ఏర్పరచాయి. 1969లో అక్కడి అధ్యాపకులు ఒక సంఘంగా ఏర్పడ్డారు.

ఇది ఒకే శాస్త్రం కాదు. మర్కూక్ వద్ద కొండపోచమ్మ సాగర్‌ను చూసినవారికి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. 2020లో గోదావరి నీరు ఆ జలాశయానికి చేరింది గాని, ఒకే పంపు ఎత్తిపోయలేదు. ఒక దశలో ఎత్తిన నీటిని తరువాతి దశ అందుకున్నది. అక్కారంలో ఎత్తిన నీటిని మర్కూక్‌లో మళ్లీ ఎత్తితే గాని అది సాగర్‌లో పడలేదు. యూదు అధ్యయనాలలోనూ అంతే. భాషావేత్త చదివిన పత్రాన్ని చరిత్రకారుడు అందుకుంటాడు. చరిత్రకారుడు ఆగిన చోట సమాజ శాస్త్రజ్ఞుడు మొదలుపెడతాడు.

మన ప్రాంతపు ఉదాహరణ చూడండి. 17వ శతాబ్దంలో సర్మద్ అనే ఫకీరు గోల్కొండ రాజ్యానికి వచ్చాడు. యూదు కుటుంబంలో పుట్టి, ఇస్లాము స్వీకరించినవాడు. ‘దబిస్తాన్’ అను పర్షియన్ గ్రంథాన్ని వ్రాసిన రచయిత 1647లో హైదరాబాదులో అతనిని కలుసుకొని, యూదు మతాన్ని గూర్చి అడిగి తెలుసుకొన్నాడు. సర్మద్ శిష్యుడు అభయచంద్ పర్షియన్‌లోకి మార్చిన ఆదికాండపు తొలి భాగం కూడ ఆ గ్రంథంలో ఉన్నది. తరువాత ఔరంగజేబు పాలనలో సర్మద్ ఢిల్లీలో మరణశిక్ష పొందాడు. ఈ ఒక్క మనిషిని అర్థం చేసుకొనాలంటే హీబ్రూ రావాలి, పర్షియన్ రావాలి, సూఫీ మార్గం తెలియాలి, కుతుబ్‌షాహీల చరిత్రా తెలియాలి.

రెండవ ఉదాహరణ ఇంకా దగ్గరిది. గుంటూరు జిల్లా చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఎఫ్రాయీము గోత్రపు యూదులమని చెప్పుకుంటాయి. వారి పెద్దలు బాప్టిస్టు క్రైస్తవులు. 1991లో వారు సమాజమందిరం స్థాపించుకున్నారు. విశ్రాంతి దినాన్ని పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వారి మధ్య ఉండి, చూచినది, విన్నది 2013లో పుస్తకంగా ప్రచురించారు. “వీరి మాట నిజమా, అబద్ధమా?” అని తీర్పు చెప్పడానికి వారు పోలేదు. ఊరి చివర నిలబెట్టబడిన ప్రజలు తమ గౌరవాన్ని ఏ కథలో వెదుక్కొంటున్నారో శ్రద్ధగా విన్నారు. అట్టివారిని ఎగతాళి చేయడం తేలిక. వారి మాట చెవిని పెట్టడం కష్టం. చదువు ఆ కష్టాన్ని నేర్పుతుంది.

ఈ విషయం మన విశ్వాసాన్ని కూడ తాకుతున్నది. “యూదులు ప్రభువును చంపారు” అని సిలువ మార్గం వేళ మనలో కొందరు ఇంకా అంటుంటారు. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన ప్రకటనలో ఈ మాటను సరిదిద్దింది. ప్రభువు శ్రమలకు ఆనాటి యూదులందరినీ గాని, నేటి యూదులను గాని బాధ్యులను చేయరాదని బోధించింది. 1986 ఏప్రిల్ 13న రెండవ జాన్ పాల్ పోపుగారు రోము నగరపు యూదుల ప్రార్థనా మందిరాన్ని దర్శించి, వారిని మనకు అన్నల వంటివారని సంబోధించారు. ఒక్క తప్పుడు మాట తరతరాలుగా ఆ ప్రజలను ఎంత హింసకు గురిచేసిందో చరిత్ర చెబుతుంది. ఇంటి పేరును బట్టి, పుట్టిన వాడను బట్టి మనిషిని తూలనాడడం మన ఊళ్లలోనూ ఉన్నది గనుక, ఆ బాధ మనకు కొత్త కాదు.

ప్రభువు యూదుడు. మరియమాత యూదు స్త్రీ. అపోస్తలులు యూదులు. వారి ప్రజలను తెలుసుకొంటే సువిశేషం మరింత స్పష్టంగా వినబడుతుంది.

ఈ వారం ఇంటిల్లిపాది ఆలోచించవలసిన ప్రశ్నలు:

1. మన ప్రార్థనలలో ఇంకా ఏ హీబ్రూ మాటలు ఉన్నాయి?

2. యూదులను గూర్చి మనం పిల్లలకు చెప్పే మాటలలో దేనిని సరిదిద్దుకోవాలి?

3. మన ఊరిలో ఎవరి కథను మనం ఇంతవరకు వినలేదు?